కరెంటు పోనాదేటి, ఓలమ్మీ?

"కరెంటు మీకూ పోనాదేటి, ఓలమ్మీ?"

మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఉన్నది గుండెలెత్తు గోడ. దాని మీద సగం మా వడియాలు, సగం పక్కింటి వదిన వడియాలు. పొద్దున పదకొండింటికి కరెంటు పోయిందంటే వదిన గోడ దగ్గరకి వచ్చేస్తుంది. నరసన్నపేటలో మా వీధికిది పాత అలవాటు. కరెంటు పోతే అందరం బయటికొస్తాం, వస్తే లోపలికి పోతాం. పోయిందా అని అడగడం మా దగ్గర పలకరింపుతో సమానం.

కానీ ఆరోజు వదిన గొంతులో పలకరింపు కంటే బెంగ ఎక్కువగా వినిపించింది. ఆవిడ పెద్దకొడుకు బెంగళూరు కంపెనీలో పని చేస్తాడు. 2020 లాక్‌డౌన్‌లో ఇంటికొచ్చాడు. అప్పుడప్పుడు అక్కడికి వెళ్లొస్తాడు గానీ పనంతా మేడ మీద గదిలోనే.

"మీటింగులో నోరు తెరిసీసరికి తెర నల్లగయిపోనాదంట. నెల్లో ఇది మూడోసారి. కింద పెట్టిన ఆ యూపీఎస్ పెట్టె కీచుకీచుమని అరిసింది, అయిదు నిమిషాలకి ఊరుకుంది. ఇప్పుడు కారు బ్యాటరీ ఒకటి తెచ్చి దానికి కట్టీస్తానంటన్నాడు. కట్టొచ్చేటి?"

"వద్దు వదినా. పిలువు వాణ్ని, ముందు ఆ మాట మాన్పిద్దాం" అన్నాను.

అంత గట్టిగా అనడానికి కారణం ఉంది. ఇరవై ఏళ్లుగా నేను ఇంట్లోనే డీటీపీ చేస్తున్నాను. శుభలేఖలు, దినకార్యం కార్డులు, బళ్లకి ప్రశ్నపత్రాలు. అను ఫాంట్లు, పేజ్‌మేకరు, ఒక కంప్యూటరు, దాని కింద ఒక చిన్న యూపీఎస్, ఇదే నా దుకాణం. మాఘమాసం పెళ్లిళ్ల రోజుల్లో కరెంటు పోతే చేతిలో ఉన్న శుభలేఖ కాదు పోయేది, అవతలివాళ్ల ముహూర్తానికి ముందున్న రెండు రోజులు. ఒకసారి అలాగే ఒక దుకాణంలో అడిగితే, "దీనికి పెద్ద బ్యాటరీ కట్టేస్తే గంటన్నర వస్తాది" అన్నారు. కట్టించుకున్నాను. నిజంగానే గంట దాకా వచ్చింది, రెండు మూడుసార్లు. నాలుగోసారి యూపీఎస్ లోంచి మాడిన వాసన, పైమూత చేయి పెట్టలేనంత వేడి. పక్కగదిలో పిల్లలు పడుకున్నారు. ఆ వాసన నాకిప్పటికీ గుర్తే.

ఎందుకు మాడిందో తర్వాత తెలుసుకున్నాను. ఆ చిన్నపెట్టె లోపల ట్రాన్స్‌ఫార్మరు, ట్రాన్సిస్టర్లు పది పదిహేను నిమిషాల పనికి సరిపడా కట్టినవి. మనం చేస్తున్న పని దాచుకుని కంప్యూటరు ఆపుకోవడానికి ఇచ్చిన వ్యవధి అది. ఆ పదిహేను నిమిషాల్లో పుట్టే వేడిని అవి ఓర్చుకుంటాయి. గంటసేపు అదే బరువు మోయిస్తే వేడి దిగడానికి చోటుండదు. ఇంకొకటి, దాని చార్జరు చాలా చిన్నది. లోపలుండే చిన్న బ్యాటరీని నింపడానికి చాలినంత, సుమారు ఒక ఆంపియరు. వంద ఆంపియర్-అవర్ల బ్యాటరీని దానితో నింపాలంటే నాలుగైదు రోజులు ఆపకుండా కరెంటుండాలి. మన ఊళ్లో ఉంటుందా? నిండకుండానే మళ్లీ వాడతాం, సగం ఆకలితో ఉన్న బ్యాటరీ లోపల సల్ఫేటు గట్టిపడిపోతుంది, ఏడాది తిరక్కుండా తూకానికి పోతుంది. పైగా కారు బ్యాటరీ ఇంజను తిప్పడానికి ఒక్క క్షణం బలంగా తన్నేలా చేసినది. మెల్లగా గంటల తరబడి ఖాళీ చేయడానికి పుట్టింది కాదు. చార్జి అవుతున్నప్పుడు దాన్నించి హైడ్రోజన్ వాయువు కూడా వస్తుంది. తలుపులేసుకున్న గదిలో బల్ల కింద, కాళ్ల దగ్గర పెట్టుకునే వస్తువు కాదది.

బయట బ్యాటరీ కట్టుకోవడానికే చేసిన యూపీఎస్‌లు వేరే ఉన్నాయి. పెద్ద చార్జరు, గాలి ఆడించే ఫ్యాను, వెనకాల బ్యాటరీ తీగలకి బిగింపులు. అది కొంటే సరే. లేనిదాన్ని విప్పి కట్టడమే వద్దనేది.

వాడు మేడ దిగి వచ్చాడు. "పిన్నీ, 600 వీఏ అని రాసుంది కదా, మరి అయిదు నిమిషాలేంటి?" అన్నాడు.

ఈ అంకె దగ్గరే అందరూ పొరబడతారు. 600 అన్నది ఒకేసారి ఎంత బరువు ఎత్తగలదో చెప్పే అంకె. ఎంతసేపు మోస్తుందో అది చెప్పదు. అందులోనూ వాట్లలో చూస్తే ఆ పెట్టెల మీద మామూలుగా ఉండేది 360. ఎంతసేపు అన్నది లోపలి బ్యాటరీ చేతిలో ఉంది. అందులో ఉండేది మామూలుగా 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఒక్కటే. రెండూ గుణిస్తే 84 వాట్-అవర్లు. "అయితే వంద వాట్ల కంప్యూటరుకి ముప్పావుగంట పైనే రావాలి కదా" అన్నాడు వాడు వెంటనే. లెక్కల్లో దిట్ట మరి.

రాదు. ఆ 7 అనే అంకె ఇరవై గంటల మీద మెల్లగా తీసుకుంటే వచ్చేది, అంటే 0.35 ఆంపియరు చొప్పున. మనం దాన్నించి ఒక్కసారిగా పది ఆంపియర్ల పైన లాగుతున్నాం. అలా లాగితే లోపలున్నదంతా బయటికి రాదు. గట్టిగా పిండితే ముందే అలిసిపోయే స్వభావం సీసం బ్యాటరీది. 1897లో పాయ్‌కెర్ట్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దీనికి సూత్రం కట్టాడు, ఇప్పటికీ ఆయన పేరే చెబుతారు. దానికి తోడు బ్యాటరీ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చేటప్పుడు కొంత పోతుంది. అందుకే వంద వాట్లకి కొత్త బ్యాటరీ అయితే పదిహేను, మహా అయితే ఇరవై నిమిషాలు.

ఇదే సూత్రం తిరగేస్తే మనకి లాభం. బరువు సగం చేస్తే సమయం రెట్టింపు కాదు, అంతకంటే ఎక్కువ అవుతుంది. యాభై వాట్లకి తగ్గిస్తే అదే కొత్త బ్యాటరీ నలభై నిమిషాలు దాటి నడుస్తుంది. రూపాయి ఖర్చు లేకుండా వచ్చే సమయం ఇదొక్కటే. మిగతావన్నీ డబ్బుతో కొనాలి.

"ఏటేటి పెట్టీసినావురా దానికి?" అని వదినే అడిగింది కొడుకుని. నేను అడుగుదామనుకున్నది అదే.

రెండు మానిటర్లు, స్పీకర్లు, వైఫై పెట్టె, ఫోను చార్జరు. అన్నిటికంటే మించి లేజరు ప్రింటరు, ఒక పొడిగింపు బోర్డు వేసి మరీ. లేజరు ప్రింటరు అందులో ఎప్పుడూ పెట్టకూడదు. కాగితం మీద పొడిని కరిగించి అంటించడానికి దాని లోపల ఒక రోలరు వేడెక్కుతుంది. ఆ కాసేపూ అది ఇస్త్రీపెట్టెలా వందల వాట్లు లాగుతుంది. చిన్న యూపీఎస్ అక్కడే చతికిలబడుతుంది. నా ప్రింటరు ఎప్పుడూ గోడ ప్లగ్గులోనే. కరెంటు లేనప్పుడు అచ్చు తీయను, అంతే.

రెండో మానిటరు కరెంటున్నప్పుడు సుఖం, పోయినప్పుడు భారం. ఇరవై, ఇరవై అయిదు వాట్లు. ఉన్నదాని వెలుగు సగానికి దించితే ఇంకో నాలుగైదు వాట్లు మిగులుతాయి. పాత డబ్బా మానిటరు ఇంకా ఎవరింట్లోనైనా ఉంటే అదొక్కటే డెబ్భై, ఎనభై వాట్లు తింటుంది. దాన్ని మార్చడమే కొత్త బ్యాటరీ కొన్నంత.

ఆ ఆదివారం పరీక్ష పెట్టాం. తెరిచిన ఫైళ్లన్నీ మూయించి, కంప్యూటరు నడుస్తుండగా గోడ దగ్గర స్విచ్చి ఆపాం. వదిన గోడ గడియారం పట్టుకుని కూర్చుంది. అన్నీ తగిలించినప్పుడు ఆరు నిమిషాలు. రాత్రంతా చార్జి పెట్టి, మర్నాడు ప్రింటరు, రెండో మానిటరు, స్పీకర్లు, ఫోను చార్జరు తీసేసి, వెలుగు తగ్గించి చూస్తే పదిహేను. బ్యాటరీ అదే పాతది.

"తొమ్మిది నిమిషాలు ఊరికే వచ్చీసినాయి!" అంది వదిన. ఆ ముఖం చూడాల్సిందే.

తర్వాత పెట్టె విప్పి చూస్తే బ్యాటరీ మీద తేదీ ఉంది. మూడేళ్లు దాటింది. ఈ మూతబిగించిన బ్యాటరీలకి మన ఎండల్లో రెండు మూడేళ్లే ఆయుష్షు. వాటి లెక్కలన్నీ 25 డిగ్రీల దగ్గర కట్టినవి. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుంది. రేకుల కప్పు కింద, మే నెల్లో మేడగదిలో ఎంతుంటుందో నేను చెప్పక్కర్లేదు. అందుకే పెట్టెని గోడకి ఆనించకుండా, గాలి తగిలేలా, ఒక పీట మీద పెట్టమన్నాను. కొత్త బ్యాటరీ వేసినప్పుడు మార్కరుతో దాని మీద తేదీ రాయాలి. పాతది చెత్తలో వేయకూడదు, అందులో ఉన్నది సీసం, ఆమ్లం. కొన్న దుకాణానికే ఇస్తే దానికి విలువ కట్టి తగ్గిస్తారు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడినవాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసేవాళ్లదే.

"అయినా పదిహేను, ఇరవై నిమిషాలే కదా పిన్నీ. నా మీటింగు గంటసేపు" అన్నాడు వాడు.

అక్కడికే వస్తున్నాను. గంటల పని చిన్నపెట్టెది కాదు, ఇన్వర్టరుది. వదిన ఇంట్లో ఇన్వర్టరు ఉంది. 2012లో ఫ్యాక్టరీలకి పవర్ హాలిడేలు, ఇళ్లకి గంటల కోతలు వచ్చినప్పుడు మా వీధిలో చాలామంది కొన్నారు. బ్యాటరీ మారుస్తూ ఇప్పటికీ వాడుతున్నారు. దాని కింద ఉన్నది 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీ. అంటే 1,800 వాట్-అవర్లు, చిన్నదానికి ఇరవై రెట్ల పైన. మరి మేడ మీది కంప్యూటరుకి ఆ లైను ఎందుకివ్వలేదు?

"ఇచ్చినాం. కరెంటు పోగానే కంప్యూటరు ఆగి మళ్లీ మొదలవతాది. అందుకని పీకీసినాం" అంది వదిన.

నాకు ఈ ముక్క చెప్పడమంటే ఇష్టం, ఎందుకంటే ఇది తెలియక ఎన్ని ఇళ్లలో ఇన్వర్టరు ఉండి కూడా కంప్యూటరు చీకట్లో కూర్చుంటుందో చూశాను. ఇన్వర్టరు వెనకాల ఒక చిన్న మీట ఉంటుంది. ఒకవైపు యూపీఎస్ అనీ, ఇంకోవైపు నార్మల్ అనో వైడ్ అనో రాసి ఉంటుంది. యూపీఎస్ వైపు ఉంటే కరెంటు పోయిన పది మిల్లీసెకన్లలోపే బ్యాటరీ మీదకి మారుతుంది. నార్మల్ వైపు ఉంటే నలభై దాకా పడుతుంది. కంప్యూటరు లోపలి పవర్ సప్లై ఊపిరి బిగపట్టుకుని ఉండగలిగేది సుమారు పదహారు మిల్లీసెకన్లు. ఫ్యానుకీ లైటుకీ నలభై అయినా తెలియదు. కంప్యూటరుకి మాత్రం అది ప్రాణం మీదకొస్తుంది.

అయితే మీట యూపీఎస్ వైపు తిప్పేస్తే సరిపోదా? పట్నంలో సరిపోతుంది. మన దగ్గర సాయంత్రాలు వోల్టేజి దిగుతుంది కదా. ఆ వైపు ఉన్నప్పుడు 180 వోల్టుల కింద కరెంటుని ఇన్వర్టరు ఒప్పుకోదు, కరెంటు ఉండగానే బ్యాటరీ మీదకి పోతుంది. అలా రోజూ సాయంత్రం బ్యాటరీ ఖాళీ అయితే, నిజంగా కరెంటు పోయిన రాత్రి చేతిలో ఏమీ ఉండదు. అందుకే వైరింగు చేసే కుర్రాళ్లు మన ఊళ్లలో మీట నార్మల్ వైపు పెట్టి పోతారు. వాళ్ల తప్పు లేదు.

నేను చేసుకున్న ఏర్పాటు చెప్పాను. ఇన్వర్టరు మీట నార్మల్ వైపే ఉంచాలి. దాన్నించి వచ్చే ప్లగ్గులో చిన్న యూపీఎస్‌ని పెట్టాలి. యూపీఎస్‌లో కంప్యూటరు. కరెంటు పోయినప్పుడు ఆ నలభై మిల్లీసెకన్లు చిన్నది మోస్తుంది. ఇన్వర్టరు లేవగానే దానికి బరువు అప్పగించేసి ఊరుకుంటుంది. చిన్నదానికి రెప్పపాటు పని, పెద్దదానికి గంటల పని. చిన్న బ్యాటరీ ఎక్కువ ఖాళీ కాదు కాబట్టి దాని ఆయుష్షూ పెరుగుతుంది. ఒక్కటే షరతు, ఇన్వర్టరు సైన్ వేవ్ రకమై ఉండాలి. చదరపు తరంగం ఇచ్చే పాత చవక రకమైతే చాలా యూపీఎస్‌లు దాన్ని కరెంటుగా గుర్తించవు, కీచుమంటూనే ఉంటాయి. వదిన వాళ్లది సైన్ వేవే.

"మరి ఎంతసేపు వస్తాది?" ఈసారి అడిగింది వదిన.

అది కంప్యూటరు కంటే ఫ్యాన్ల మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. కంప్యూటరు వంద వాట్లు అనుకుందాం. పాత రకం సీలింగు ఫ్యాను ఒక్కోటి 75. రెండు తిరుగుతుంటే 150, లైట్లు ఇంకో ముప్ఫై. మొత్తం 280 వాట్లకి ఆ బ్యాటరీ మంచి స్థితిలో ఉంటే నాలుగు గంటల చిల్లర. ఆ రెండు ఫ్యాన్లు తీసేసి ముప్ఫై వాట్ల బీఎల్‌డీసీ రకం పెడితే మొత్తం 190 అవుతుంది, ఆరు గంటలు దాటుతుంది. కంప్యూటరుకి ఇంకో రెండు గంటలు కావాలంటే ఫ్యాను మార్చాలన్నమాట! వాడు దాన్ని కాగితం మీద రెండుసార్లు లెక్క కట్టుకుని చూశాడు. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు చూసి ఎంతకాలమైందని అడిగితే తల్లీకొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎర్ర సూచికలు అడుక్కి దిగిపోయి ఉన్నాయి. కుళాయి నీళ్లు మాత్రం పోయకండన్నాను. మన నీళ్లలో ఉప్పులు పలకల్ని తినేస్తాయి.

వైఫై పెట్టె సంగతి వేరు. అది తినేది పది పన్నెండు వాట్లే, 12 వోల్టుల డీసీ కరెంటు మీద నడుస్తుంది. దానికని చిన్న మినీ యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. అరచేతిలో పట్టేంత, లోపల లిథియం కణాలు. బ్యాటరీ కరెంటుని 230కి పెంచి మళ్లీ 12కి దించే వృథా ఉండదు. రెండు మూడు గంటలు హాయిగా నడుస్తుంది. వీధి చివర కేబులు వాళ్ల పెట్టెకి కరెంటు లేకపోతే మాత్రం ఇంట్లో ఎంతున్నా ఇంటర్నెట్టు రాదు. అప్పుడు ఫోనులో హాట్‌స్పాటే దిక్కు.

ఈలోగా వదిన మాట వేరేవైపు మళ్లింది. ఆవిడ పుట్టిల్లు ఉద్దానం, వజ్రపుకొత్తూరు పక్క. మా దగ్గర కరెంటు మాట ఎక్కడ మొదలైనా తుఫాను దగ్గరకే చేరుతుంది. 2018 అక్టోబరు 11, తెల్లవారకముందే తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలతో పాటు స్తంభాలన్నీ పడుకున్నాయి.

"మా అమ్మ బతికుందో నేదో తెలీడానికి రెండ్రోజులు పట్టినాది. ఎవల ఫోనులోనూ చార్జింగు నేదు. ఒకలింట్లో జనరేటరుంటే ఊరంతా ఫోన్లు అట్టుకెళ్లి వరసలో కూకున్నారంట."

ఆ మాటకి నేనూ ఊరుకుండిపోయాను. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటినప్పుడు ఈ గోడకి ఇటు నేను, అటు వదిన, ఇద్దరం కొవ్వొత్తులు పట్టుకుని పిలుచుకున్నాం.

అలాంటి రోజుకి లెక్క వేరు. గాలి మొదలవగానే తీగలు తెగి ఎవరికీ ప్రమాదం కాకూడదని కరెంటు వాళ్లే లైన్లు ఆపుతారు. ఎప్పుడొస్తుందో అడగడానికి 1912 నంబరుంది. ఇన్వర్టరులో ఉన్నదే రెండు మూడు రోజులకి సరిపెట్టుకోవాలి. అప్పుడు ఫ్యాన్లు ఆపి ఒక లైటు, ఫోన్లు, అంతే. డెస్క్‌టాప్ ముట్టుకోకూడదు. ల్యాప్‌టాప్ ఉంటే పని దాని మీద. అది ఇరవై, ముప్ఫై వాట్లతో అయిపోతుంది, దానికి సొంత బ్యాటరీ ఉంది. నిజానికి వాడు కొత్తగా ఏదైనా కొనేట్టయితే నా ఓటు ల్యాప్‌టాప్‌కే. వీధిలో ఒకరు మేడ మీద సోలారు పెట్టించుకున్నారు కదా, వాళ్లకి ఉంటుంది కదా అంది వదిన. 2024లో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం వచ్చాక చాలామంది పెట్టించుకుంటున్నారు, బిల్లు తగ్గుతుంది, మంచిదే. కానీ బ్యాటరీ లేని రకమైతే లైనులో కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది, ఎండ మండుతున్నా సరే. స్తంభం ఎక్కి పనిచేసే మనిషికి మన పలకల కరెంటు తగలకూడదని అలా చేశారు. అది ఉండాల్సిన ఏర్పాటే.

ఇక వాడి చేత ఒకటి చేయించాను. వాడి యూపీఎస్ వెనకాల యూఎస్‌బీ తీగకి చోటుంది, ఎవరూ తగిలించలేదు. తగిలించాక కంప్యూటరుకి బ్యాటరీ ఎంతుందో తెలుస్తోంది. 30 శాతానికి దిగితే తనంతట తాను హైబర్నేట్ అయ్యేలా పెట్టాడు. అంటే తెరిచినవన్నీ డిస్కులో భద్రంగా రాసుకుని పూర్తిగా ఆగిపోతుంది, మళ్లీ వేస్తే ఎక్కడ వదిలామో అక్కడే. నా పాత యూపీఎస్‌కి ఆ చోటు లేదు. అందుకని నేను ప్రతి పేరాకీ కంట్రోల్ ఎస్ నొక్కుతాను. ఆ రెండు మీటల మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి.

మేడ మీద ప్లగ్గు మార్చి, మినీ యూపీఎస్ బిగించి, డిస్టిల్డ్ వాటరు పోసేసరికి సాయంత్రమైంది. ఫ్యాన్లు జీతం వచ్చాక కొంటానన్నాడు. కారు బ్యాటరీ, ఎవరి దగ్గర బేరమాడాడో వాళ్లకే వద్దని ఫోను చేశాడు.

"ఓలమ్మీ, నీ వడియాలు తీసీ. మబ్బేసినాది" అంది వదిన గోడవతలనుంచి. చేట అందుకుని పరుగెత్తాను.